పంటి ఎనామిల్‌లో రోజుల లెక్క: ప్రాజెక్టు డైరీ

ఈ డైరీలో రెండు పళ్ళున్నాయి. మొదటిది, క్లిప్పులు వేసేముందు చోటు కోసం తీయించేసిన పై దవడ మొదటి అగ్రచర్వణకం (కోరపన్ను వెనకుండే చిన్న దవడపన్ను). రెండోది, సమయం దాటినా ఊడకపోతే తీసేసిన కింది దవడ పాలపన్ను, రెండో చర్వణకం (నమిలే పెద్ద దవడపన్ను). రెండూ కుటుంబాల అనుమతితో, పేర్లు లేకుండా, పళ్ళ డాక్టరైన ఒక స్నేహితురాలి ద్వారా వచ్చాయి. ఎనామిల్‌లోని, అంటే పంటి పైభాగాన్ని కప్పే గట్టి పొరలోని, పెరుగుదల గీతలు లెక్కపెట్టి, పంట్లో ఫలానా చోటు ఏర్పడేనాటికి బిడ్డ వయసు ఎన్ని రోజులో చెప్పగలమా అన్నది ప్రశ్న.

ఎవరైనా ఇదే పని మొదలుపెడితే నేను పాడుచేసుకున్న ముక్కలు వాళ్ళు పాడుచేసుకోకూడదని రాస్తున్నాను. అందుకే సాఫీగా జరిగిన పనుల గురించి తక్కువ, చెడిపోయిన వాటి గురించి ఎక్కువ ఉంటుంది.

మొదలుపెట్టే ముందు

పెద్దవాళ్ళ పన్ను తెచ్చి "ఈయన వయసెంత?" అని అడిగితే ఎనామిల్ జవాబు చెప్పదు. ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పంటి పైభాగం పూర్తవగానే పని ఆపేస్తాయి, పన్ను బయటికి వచ్చేసరికి అవి ఉండవు. ఆ తర్వాత కొత్త పొర పడదు, పాత పొర మారదు. ఎముకలా అరిగి మళ్ళీ కట్టుకునే గుణం దీనికి లేదు. కాబట్టి బాల్యంలో పడ్డ రాత అలాగే ఉంటుంది, కానీ బాల్యంతోనే ఆగిపోతుంది. చనిపోయినవారి వయసు ఈ పద్ధతిలో తేలాలంటే, చనిపోయేనాటికి వాళ్ళ దవడలో ఇంకా సగం కట్టిన పన్ను ఒకటైనా ఉండాలి. అంటే వాళ్ళు పిల్లలై ఉండాలి. పెద్దవాళ్ళకు వేరు మీది సిమెంటమ్ పొరలు చూస్తారు. అది వేరే పని, వేరే చిక్కులు.

చూడాల్సిన గీతలు నాలుగు రకాలు:

1. రోజువారీ అడ్డగీతలు. ఎనామిల్ సన్నటి కడ్డీలుగా కట్టుకుంటుంది. ఒక్కో కడ్డీ మందం సుమారు 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని పొడవునా రోజుకో అడ్డగీత పడుతుంది. రెండు గీతల మధ్య దూరం లోపల, డెంటైన్ (ఎనామిల్ కింది పొర) దగ్గర, 2.5 నుంచి 3 మైక్రాన్లు. బయటికి వచ్చేకొద్దీ 5, 6 దాకా పెరుగుతుంది.
2. రెట్జియస్ గీతలు. స్వీడన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆండర్స్ రెట్జియస్ 1837లో వర్ణించినవి. కొన్ని రోజులకొకటి పడతాయి. మనుషుల్లో ఆ విరామం 6 నుంచి 12 రోజులు, ఎక్కువమందిలో 7 నుంచి 9. ఒక మనిషి శాశ్వత దంతాలన్నిటిలో విరామం ఒకటే.
3. పెరికైమాటా. రెట్జియస్ గీతలు పంటి పైకి తేలిన చోట కనిపించే సన్నటి గట్లు.
4. పుట్టుక గీత. పుట్టినప్పుడు శరీరానికి తగిలే కుదుపు ఎనామిల్‌లో వదిలే ముదురు గీత. పాలపళ్ళన్నిటిలో ఉంటుంది, శాశ్వత దంతాల్లో మొదటి చర్వణకంలో తరచుగా దొరుకుతుంది. ఈ మొత్తం లెక్కలో సున్నా ఇదే.

దశ 1: శుభ్రం చేయడం

1. పళ్ళను 10 శాతం ఫార్మలిన్‌లో రెండు వారాలు ఉంచాను. గాలి ఆడే చోట, మూత బిగించి. ఆ ఆవిరి మంచిది కాదు.
2. కడిగాక మెత్తటి బ్రష్‌తో మాత్రమే తోమాను. గట్టి బ్రష్, గీకే పరికరం వాడితే పెరికైమాటా పోతాయి.
3. ఆ తర్వాత ఎప్పుడూ నీళ్ళలోనే. ఆరబెడితే ఎనామిల్ మీద వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి. సెక్షన్‌లో, అంటే మైక్రోస్కోప్ కోసం కోసిన పల్చటి ముక్కలో, అవి గీతల్లా కనిపించి తికమక పెడతాయి.

దశ 2: అగ్రచర్వణకం ఉపరితలం

కోసేముందు పైపైన ఎంత తెలుస్తుందో చూద్దామనుకున్నాను. పన్ను చెడకుండా చేసే పని ఇదొక్కటే. మ్యూజియంలోని శిలాజాలను కోయనివ్వరు కాబట్టి పరిశోధకులు ఈ దారి పట్టారు. 1985లో బ్రోమేజ్, డీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మానవ పూర్వీకుల పిల్లల శిలాజాల మీద ముందరి పళ్ళ పెరికైమాటా లెక్కపెట్టారు. నేటి పిల్లల కొలమానంతో అంతకుముందు చెప్పిన వయసులు చాలా ఎక్కువని తేల్చారు.

1. పంటి చెంపవైపు ముఖాన్ని ఆల్కహాల్ దూదితో తుడిచి, అచ్చు తీసే పల్చటి సిలికోన్ పూయాలి.
2. గట్టిపడ్డాక తీసి, ఆ అచ్చులో ఎపాక్సీ పోయాలి.
3. ఎపాక్సీ నమూనాను మైక్రోస్కోప్ కింద, పక్కనుంచి పడే వెలుతురులో చూడాలి.

మొదటి నమూనా నిండా బుడగలు. ఎపాక్సీ కలిపేటప్పుడు గబగబా తిప్పితే గాలి చేరుతుంది. నెమ్మదిగా కలిపి, కాసేపు వదిలేసి, అచ్చు ఒక మూల నుంచి దారలా పోస్తే పోయింది. రెండో నమూనాలో బుడగల్లేవు, కానీ గట్లూ కనిపించలేదు. పైనుంచి లైటు వేస్తే ఉపరితలం మొత్తం తెల్లగా మెరిసి గట్లన్నీ మాయమవుతున్నాయి. లైటును దాదాపు పడుకోబెట్టి, ఉపరితలానికి 15 డిగ్రీల ఎత్తులో పెట్టాక నీడలు పడ్డాయి. పన్ను వంపుగా ఉంటుంది కాబట్టి ఒకే కోణం అంతటికీ సరిపోదు. ప్రతి భాగానికీ నమూనాను కొంచెం తిప్పి విడిగా ఫొటో తీసి, తర్వాత అతికించాను.

చెంపవైపు ముఖం మీద గట్లు పరుచుకున్న ఎత్తు 7.4 మిల్లీమీటర్లు. దాన్ని మొన నుంచి చిగురు వైపు పది సమభాగాలు చేసి లెక్కించాను.

భాగాలవారీగా: 6, 7, 8, 9, 10, 11, 13, 15, 16, 17.
నడుస్తున్న మొత్తం: 6, 13, 21, 30, 40, 51, 64, 79, 95, 112.

మొదటి భాగంలో గట్ల మధ్య సగటు దూరం 120 మైక్రాన్ల పైన, చివరి భాగంలో 44 లోపు. చిగురు వైపు గట్లు ఇరుకైపోవడం మనుషుల పళ్ళ లక్షణం. అందుకే పని కష్టమయ్యేదీ అక్కడే. పైగా పళ్ళు తోమడం వల్ల గట్లు అరుగుతాయి. మధ్యవయసు వాళ్ళ పన్ను మీద ఈ ప్రయత్నం చేయకండి. బయటికొచ్చి ఎక్కువ కాలం కాని పన్నే కావాలి.

ఇప్పుడు 112 అంటే ఎన్ని రోజులు?

విరామం 7 రోజులైతే 784.
8 అయితే 896.
9 అయితే 1,008.
10 అయితే 1,120.

మనుషుల్లో సాధ్యమైన రెండు కొసలూ, అంటే 6, 12 తీసుకుంటే 672 నుంచి 1,344 దాకా. ఒకటికి రెండింతలు! పైపైన లెక్కపెట్టి "సగటు మనిషికి 8 కదా" అని గుణించేస్తే వచ్చేది వయసు కాదు, ఊహ. విరామం ఈ పంటిలోనే తేలాలి. అందుకు కోయక తప్పదు.

దశ 3: కోత, అరగదీత

ఎక్కువ సామాను పాడైంది ఈ దశలోనే. నేర్చుకోవాల్సిందీ ఇక్కడే ఉంది.

వాడినవి: నెమ్మదిగా తిరిగే డైమండ్ రంపం, 0.3 మిల్లీమీటర్ల మందం బ్లేడు, ఎపాక్సీ రెసిన్, గాజు స్లైడ్లు, 600, 800, 1200 నంబర్ల సిలికాన్ కార్బైడ్ నీటి కాగితాలు, 1 మైక్రాన్ అల్యూమినా పొడి, మైక్రోమీటర్ స్క్రూ గేజి.

*చెడింది ఒకటి: ఎనామిల్ ఊడిపోవడం.* రెసిన్‌లో పోయకుండా పన్నును నేరుగా బిగించి కోసిన అభ్యాసపు పళ్ళలో, బ్లేడు బయటికి వచ్చే వైపు ఎనామిల్ డెంటైన్ నుంచి పెంకులా లేచిపోయింది. ఇప్పుడు పన్నంతటినీ రెసిన్‌లో ముంచి పూర్తిగా గట్టిపడ్డాకే కోస్తున్నాను. మెత్తటి రెసిన్ వాడితే ఇంకో ఇబ్బంది: ఎనామిల్ గట్టిది, రెసిన్ త్వరగా అరిగిపోతుంది, దాంతో ఎనామిల్ అంచు గుండ్రమవుతుంది. అంచునే కదా చివరి రోజులుండేవి. గట్టి రకం రెసిన్‌కు మారాక అంచు నిలిచింది.

*చెడింది రెండు: కోత పక్కకు పోవడం.* కోత పంటి మొన గుండా, దాని కింద డెంటైన్ కొమ్ము కొస గుండా పోవాలి. ఆ కొస తప్పితే ఎనామిల్ ఉన్నదానికంటే మందంగా కనిపిస్తుంది, మొదటి రోజుల పొరలు సెక్షన్‌లో అసలుండవు. బ్లేడే 0.3 మిల్లీమీటర్లు తినేస్తుంది కాబట్టి సరిగ్గా కొస మీద కోస్తే ఆ కొస పొడైపోతుంది. మార్చిన పద్ధతి:

1. మొన మీద పెన్సిల్ గీత గీసి, దానికి అర మిల్లీమీటరు పక్కగా కోయాలి.
2. గీత ఉన్న ముక్కను తీసుకుని, కోసిన ముఖాన్ని 600 కాగితం మీద కొద్దికొద్దిగా అరగదీస్తూ ప్రతిసారీ భూతద్దంలో చూడాలి.
3. డెంటైన్ కొమ్ము గుండ్రటి కొసలా కాకుండా సూదిగా కనిపించగానే ఆపాలి. అదే సరైన తలం.
4. 800, 1200, అల్యూమినా వరసలో నున్నగా చేసి, ఆ ముఖాన్ని స్లైడుకు అతికించాలి.
5. అవతలి వైపు అర మిల్లీమీటరు మిగిలేలా కోసి, అక్కడి నుంచి అరగదీయాలి.

*చెడింది మూడు: ఏటవాలు.* వేలితో నొక్కి అరగదీసిన మొదటి స్లైడు నాలుగు మూలల మందం, గాజు మందం తీసేస్తే: 140, 95, 128, 88 మైక్రాన్లు. వేలు ఎటు ఎక్కువ నొక్కితే అటు పల్చబడింది. ఒక చివర గీతలు మసకగా ఉండగానే రెండో చివర అరిగిపోతుందన్నమాట. స్లైడు వెనక చదునైన గాజు దిమ్మను అంటించి, దిమ్మను పట్టుకుని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ, ప్రతి కొన్ని చుట్లకూ స్లైడును తొంభై డిగ్రీలు మార్చాను. తర్వాతి కొలత: 112, 108, 110, 107. దీంతో సరిపెట్టుకోవచ్చు.

అతికించే జిగురులో గాలి బుడగ ఉంటే దాని మీది ఎనామిల్ చివర్లో ఎగిరిపోతుంది. స్లైడును కొంచెం వేడిచేసి అతికిస్తే బుడగలు తగ్గాయి.

దశ 4: విరామం ఎంత?

ముందు మైక్రోస్కోప్ కొలత సరిచూసుకోవాలి. ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసిన కొలత స్లైడును పెట్టి ఫొటో తీస్తే, 40 రెట్ల ఆబ్జెక్టివ్‌తో ఒక మైక్రాన్‌కు 6.12 పిక్సెళ్ళు వచ్చాయి. అంటే 4 మైక్రాన్ల రోజు 24 పిక్సెళ్ళు, హాయిగా కనిపిస్తుంది. 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో అదే రోజు 6 పిక్సెళ్ళే. దాంతో రోజులు లెక్కపెట్టే ప్రయత్నం వద్దు, రెట్జియస్ గీతలకు మాత్రం చాలు. కొలతలన్నీ ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేశాను.

పోలరైజ్డ్ వెలుతురులో రెట్జియస్ గీతలు వెంటనే దొరికాయి. సెక్షన్‌లో పక్క ఎనామిల్‌లో (మొన మీదిది కాక, పంటి పక్కలనున్నది) లెక్క 114. ఉపరితలం మీద వచ్చింది 112. తేడా రెండూ చిగురు అంచున, గట్లు అరిగినచోట ఉన్నాయి. ఇక్కడి నుంచి 114నే వాడుతున్నాను.

రెండు రెట్జియస్ గీతల మధ్య అడ్డగీతలు లెక్కపెడితే చోటును బట్టి 8, 8, 9, 8, 7, 8. విరామం మనిషికొకటే కాబట్టి, అదీ పూర్ణసంఖ్యే కాబట్టి, 7, 9 అనేవి నా కంటి లోపాలో సెక్షన్ లోపాలో అయ్యుండాలి. కానీ "ఎక్కువసార్లు 8 వచ్చింది, 8 వేసేద్దాం" అనడం నాకు నచ్చలేదు. ఒక్క రోజు తేడా మొత్తం మీద 114 రోజులవుతుంది. అందుకే ఇంకో దారిలో సరిచూశాను:

1. గీతలు శుభ్రంగా ఉన్నచోట వరసగా పది విరామాల దూరాన్ని కడ్డీ వెంబడి కొలిచాను: 342 మైక్రాన్లు.
2. అదే చోట అడ్డగీతల మధ్య సగటు దూరం: 4.3 మైక్రాన్లు.
3. 342 ÷ 4.3 = 79.5. పదితో భాగిస్తే 7.95.

విరామం 8 రోజులు. ఖాయం.

ఇక్కడ మోసం చేసేవి రెండు. రెట్జియస్ గీతల మధ్య అంత ముదురుగా కాకపోయినా వాటిలాగే కనిపించే నడిమి గీతలు కొన్ని ఉంటాయి. వాటినీ కలిపితే విరామం సగమైపోతుంది. అసలు గీతైతే ఉపరితలం దాకా వెళ్ళి ఒక గట్టు దగ్గర ముగుస్తుంది. మధ్యలోనే చచ్చిపోతే అది లెక్కలోకి రాదు. రెండోది, లోపలి ఎనామిల్‌లో కడ్డీలు ఒకదానినొకటి మెలికవేసుకుని అటూ ఇటూ వంగుతాయి. సెక్షన్ తలం నుంచి కడ్డీ బయటికి వెళ్ళిపోగానే అడ్డగీతలు మాయమవుతాయి. గీతలు లేవని కాదు, మన తలంలో లేవని. అలాంటి ఖాళీలను పక్కన కొలిచిన దూరంతో నింపుకోవాలి, నింపిన ప్రతి ఖాళీనీ నోటుబుక్కులో విడిగా రాయాలి.

నడుస్తున్న మొత్తం: 114 × 8 = 912 రోజులు, పక్క ఎనామిల్‌కు మాత్రమే.

దశ 5: మొన కింద దాగిన రోజులు

మొదట్లో పడే పొరలు పైకి తేలవు. బోర్లించిన గిన్నెల మీద గిన్నెలు పెట్టినట్టు, ఒక్కో కొత్త పొరా పాతదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. కాబట్టి మొనకు పెరికైమాటా ఉండవు. దాని కాలాన్ని కడ్డీ పొడవుతో లెక్కించాలి.

డెంటైన్ కొమ్ము కొస నుంచి, మొట్టమొదట ఉపరితలాన్ని తాకిన రెట్జియస్ గీత దాకా కడ్డీ దారి పొడవు 1,650 మైక్రాన్లు. మొత్తానికి ఒకే సగటు వేగం వేస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే లోపల నెమ్మది, బయట వేగం. మూడు సమభాగాలు చేశాను.

లోపలి 550 మైక్రాన్లు, రోజుకు 3.4: 162 రోజులు. మొత్తం 162.
మధ్య 550, రోజుకు 4.2: 131 రోజులు. మొత్తం 293.
బయటి 550, రోజుకు 4.9: 112 రోజులు. మొత్తం 405.

పంటి పైభాగం కట్టడానికి పట్టిన కాలం: 405 + 912 = 1,317 రోజులు, అంటే 3.6 ఏళ్ళు. విరామాన్ని 7 అనుకుని ఉంటే 1,203, 9 అనుకుంటే 1,431. రెంటి మధ్య 228 రోజులు.

దంత వైద్య పాఠ్యపుస్తకాల పట్టికల ప్రకారం ఈ పన్ను గట్టిపడటం మొదలయ్యేది ఏడాదిన్నర, ఏడాది ముప్పావు మధ్య. మన 3.6 కలిపితే పైభాగం పూర్తయ్యేది 5.1 నుంచి 5.4 ఏళ్ళకు. పట్టికలు చెప్పే 5, 6 ఏళ్ళ మధ్యలోనే పడింది. సంతోషమే, కానీ ఇందులో ఒక దొంగతనం ఉంది. మొదలైన వయసును పట్టిక నుంచి అరువు తెచ్చుకున్నాను, ఆ పిల్లవాడి పంటి నుంచి కాదు. ఈ పన్ను కాలవ్యవధిని చెప్పింది, వయసును చెప్పలేదు. వయసు కావాలంటే సున్నా కూడా ఆ పంటిలోనే ఉండాలి.

దశ 6: పాలపన్ను, పుట్టుక గీత

ఈ పన్నును ఎంచుకోవడానికి కారణం వేరే ఉంది. ఆ బిడ్డ పసితనంలో తీవ్రమైన విరేచనాలతో ఆసుపత్రిలో ఉండాల్సివచ్చింది. ఆ తేదీ, పుట్టిన తేదీ రెండూ స్నేహితురాలు కాగితం మీద రాసి కవరులో అంటించింది. అంత జబ్బు చేసినప్పుడు ఆ రోజుల్లో కట్టుకుంటున్న ఎనామిల్‌లో ముదురు గీత పడుతుంది. పుట్టుక గీత నుంచి ఆ గీత దాకా రోజులు లెక్కపెట్టి, తర్వాత కవరు తెరవాలి.

రోజుకో అడ్డగీతే పడుతుందా అన్న సందేహాన్ని పరిశోధకులు ఇలాంటి పద్ధతుల్లోనే పరీక్షించారు. కోతులకు తెలిసిన తేదీల్లో మెరిసే రంగు ఎక్కించి మధ్యలో గీతలు లెక్కపెట్టినవాళ్ళున్నారు. లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ చర్చి నేలమాళిగలో 18, 19 శతాబ్దాలలో పూడ్చిన శవపేటికల మీద వయసు రాసిన రేకులున్నాయి. ఆ పిల్లల పళ్ళ మీద లెక్కను సరిచూసినవాళ్ళూ ఉన్నారు.

కోత, అరగదీత దశ 3లో లాగే. మొన కొంత అరిగిపోయి ఉంది, కానీ మనకు కావాల్సింది పక్క ఎనామిల్ కాబట్టి నష్టం లేదు.

పుట్టుక గీతను గుర్తుపట్టడానికి పెట్టుకున్న నియమాలు:

1. డెంటైన్ అంచు నుంచి ఉపరితలం దాకా తెగకుండా ఉండాలి.
2. పంటి రెండు వైపులా, ఒకే సెక్షన్‌లో కనిపించాలి.
3. దాని లోపలి ఎనామిల్ తేటగా, బయటిది గీతలతో గోధుమరంగులో ఉండాలి. గర్భంలో కట్టిన ఎనామిల్ సమంగా ఉంటుంది, పుట్టాక ఒడిదుడుకులు మొదలవుతాయి.

మూడూ సరిపోయిన గీత ఒకటే దొరికింది. మందం 14 మైక్రాన్లు. లెక్కను దాని లోపలి అంచు, అంటే డెంటైన్ వైపు అంచు నుంచి మొదలుపెట్టాలని ముందే రాసిపెట్టుకున్నాను. ఈ వాక్యం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

దాని బయట ముదురు గీతలు మూడున్నాయి. వాటిలో రెండు మధ్యలో మసకబారిపోయాయి. ఒకటి మాత్రం రెండు వైపులా, చివరిదాకా ఉంది. జబ్బు గీత అదేనని కవరు తెరవక ముందే నిర్ణయించాను.

లెక్క నేరుగా పోదు, మెట్లుమెట్లుగా పోవాలి:

1. పుట్టుక గీత డెంటైన్‌ను తాకే చోట మొదలుపెట్టి, ఒక కడ్డీ వెంబడి సుమారు 200 మైక్రాన్లు బయటికి, అడ్డగీతలు లెక్కపెడుతూ.
2. అక్కడ తగిలిన రెట్జియస్ గీతను పట్టుకుని తిరిగి డెంటైన్ అంచుకు. ఒక రెట్జియస్ గీత మీద ఎక్కడున్నా ఒకే రోజు కాబట్టి ఇందులో కాలం గడవదు.
3. అక్కడి నుంచి కొత్త కడ్డీ. జబ్బు గీత తగిలేదాకా ఇదే.

110 మైక్రాన్ల మందంలో మూడు వేర్వేరు దారుల్లో లెక్కపెడితే 160 నుంచి 183 దాకా వచ్చింది. ఇంత చెల్లాచెదురుగా ఉంటే ఏ సంఖ్యనూ నమ్మలేం. కారణం లెక్కలో లేదు, మందంలో ఉంది. 5 మైక్రాన్ల కడ్డీలు 110 మైక్రాన్లలో ఇరవైకి పైగా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. కిందివాటి నీడలు పైవాటి గీతల మధ్య కనిపించి ఒక రోజు రెండు రోజుల్లా అవుతుంది. ఫోకస్ కొద్దిగా తిప్పితే గీత పక్కకు జరిగినట్టనిపిస్తే అది నీడే.

స్లైడును మళ్ళీ 1200 కాగితం మీదకు తెచ్చి, 82 మైక్రాన్ల దాకా పల్చబరిచి, అల్యూమినాతో నున్నగా చేశాను. గుండె చేతిలో పెట్టుకుని చేసిన పని ఇదే. పట్టుతప్పి ఇంకాస్త పోతే సెక్షనే ఉండదు. పాత సంఖ్యలు కనిపించకుండా కాగితం మడిచి, కొత్తగా లెక్క:

మొదటి దారి: 62, తర్వాత 58, తర్వాత 41. నడుస్తున్న మొత్తం 62, 120, 161.
రెండో దారి: 55, 57, 40. మొత్తం 55, 112, 152.
మూడో దారి: 66, 91. మొత్తం 66, 157.

మూడో దారిలో రెండో మెట్టు పొడుగ్గా ఉండటానికి కారణం, మధ్యలో పట్టుకోదగ్గ రెట్జియస్ గీత దొరకకపోవడం. పాలపళ్ళలో ఈ గీతలు శాశ్వత దంతాల్లో అంత బాగా కనిపించవు.

మూడింటి సగటు: 157 రోజులు.

దశ 7: కవరు

కవరులోని తేదీల ప్రకారం ఆసుపత్రిలో చేర్చిన రోజుకు బిడ్డ వయసు 149 రోజులు.

సగటు మీద తేడా 8 రోజులు, 5 శాతం పైన కొంచెం. అయిదు నెలల పసిబిడ్డ విషయంలో వారం తేడాతో చెప్పగలగడం చిన్న సంగతి కాదు. కానీ నాకు నచ్చనిది ఒకటుంది. మూడు దారులూ అసలు వయసు కంటే ఎక్కువే చెప్పాయి: 3, 8, 12 రోజులు. లెక్క అటూ ఇటూ చెదిరితే కొన్ని తక్కువ కూడా రావాలి. అన్నీ ఒకే వైపు పడ్డాయంటే పద్ధతిలోనే ఏదో ఒకవైపు లాగుతోంది.

పుట్టుక గీత మందాన్ని చూడండి. లోపలి అంచు నుంచి మొదలుపెట్టాను కాబట్టి ఆ 14 మైక్రాన్లూ పుట్టాక గడిచిన రోజుల్లో కలిసిపోయాయి. అక్కడ ఎనామిల్ రోజుకు 3.3 మైక్రాన్ల చొప్పున కడుతోంది. అంటే దాదాపు 4 రోజులు. బయటి అంచు నుంచి మొదలుపెట్టి ఉంటే సగటు 153 అయ్యేది, తేడా సగమయ్యేది. మిగతా 4 రోజుల్లో ఎన్ని నీడలవో, ఎన్ని నేను నింపిన ఖాళీలవో ఈ ఒక్క సెక్షన్‌తో విడదీయడం కుదరదు.

అయినా ఫలితాన్ని 153గా మార్చడం లేదు. కవరు తెరిచాక సవరించిన సంఖ్య పరీక్ష రాశాక దిద్దుకున్న జవాబే. స్నేహితురాలు "మళ్ళీ లెక్కపెట్టి చూడరాదూ" అంది. చూడొచ్చు, కానీ 149 తెలిసిన కళ్ళకు 149 ఎక్కడైనా కనిపిస్తుంది.

జబ్బు గీత నుంచి ఎనామిల్ ముగిసే చిగురు అంచు దాకా ఇంకో 158 రోజులు వచ్చాయి. మొత్తం 157 + 158 = 315 రోజులు, పది నెలల పైన. ఈ పన్ను పైభాగం పూర్తవడానికి పట్టికలు చెప్పేది పది నెలలు. ఈ సరిపోలికకు నేను పెద్ద విలువ ఇవ్వను. పట్టిక సగటు పిల్లల గురించి చెబుతుంది, ఇది ఒక్క బిడ్డ.

తర్వాతి సెక్షన్‌కు మారుస్తున్నవి

పాలపంటి రెండో సగం ఇంకా రెసిన్‌లో ఉంది. దాని మీద నేను లెక్కపెట్టను. ఈ తేదీలు తెలియని మనిషి చేత లెక్కపెట్టిస్తాను. మార్పులు ఇవి:

1. మొదటి నుంచీ 80 మైక్రాన్ల దగ్గరే ఆపడం. 110 దగ్గర లెక్క మొదలుపెట్టడమే దండగ.
2. పుట్టుక గీత రెండు అంచుల నుంచీ విడివిడిగా లెక్క రాయడం, ఏది అసలు ఫలితమో కవరు తెరవక ముందే ప్రకటించడం.
3. ప్రతి అడ్డగీతనూ రెండు ఫోకస్‌లలో చూసి, రెంటిలోనూ ఒకే చోట ఉంటేనే గుర్తు పెట్టడం.
4. నింపిన ఖాళీల రోజులకు వేరే వరస. మొత్తం రోజుల్లో అవి పదో వంతు దాటితే ఆ దారిని వదిలేయడం.
5. మెట్టు 250 మైక్రాన్లు దాటకూడదు. పట్టుకోవడానికి రెట్జియస్ గీత దొరక్కపోతే పక్క కడ్డీకి మారడం.
6. ఫొటోల మీద గుర్తులు పెట్టిన కాపీ, గుర్తుల్లేని కాపీ రెండూ దాచడం. గుర్తులున్న ఫొటో మీద రెండో మనిషి చేత లెక్కపెట్టిస్తే నా లెక్కే తిరిగొస్తుంది.